ఐస్ హాకీ జట్టు సీజన్‌ను మొదటి నుంచి చివరి దాకా అనుసరించడం ఎలా

2019 జనవరి 3 ఉదయం ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ పాయింట్ల పట్టికలో ఉన్న 31 జట్లలో సెయింట్ లూయిస్ బ్లూస్‌ది అట్టడుగు స్థానం. అదే సంవత్సరం జూన్ 12 రాత్రి బోస్టన్‌లో ఆ జట్టే లీగు విజేతకిచ్చే స్టాన్లీ కప్పును అందుకుంది. ఐస్ హాకీని కొత్తగా చూస్తున్నవారికి ఇది అద్భుతంగా తోచవచ్చు గానీ, సీజన్‌ను ఏ క్రమంలో, ఏ అంకెల సాయంతో గమనించాలో తెలిసినవారికి అందులో అర్థం కానిది తక్కువే. ఒక జట్టును ఎంచుకుని, దాని సీజన్ మొత్తాన్ని శ్రద్ధగా అనుసరించాలనుకునే తెలుగు పాఠకుల కోసం రాస్తున్నది ఇది. ఉదాహరణగా బ్లూస్ 2018-19 సీజన్‌నే ఆసాంతం తీసుకుంటాను, ఎందుకంటే అభిమానులు తొందరపడి తీర్మానించే విషయాలు చాలావరకు ఆ ఒక్క సీజన్‌లోనే తారుమారయ్యాయి.

ముందు చట్రం తెలుసుకోవాలి. 2021లో సియాటెల్ క్రాకెన్ చేరికతో లీగులో ఇప్పుడు 32 జట్లున్నాయి. అవి తూర్పు, పశ్చిమ కాన్ఫరెన్సులుగానూ, ఒక్కో కాన్ఫరెన్సులో రెండేసి డివిజన్లుగానూ విడిపోయి ఉంటాయి. బ్లూస్ ఉన్నది పశ్చిమ కాన్ఫరెన్సులోని సెంట్రల్ డివిజన్‌లో. అక్టోబరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఒక్కో జట్టు 82 మ్యాచ్‌లు, అందులో సగం సొంత ఊళ్లో, ఆడటం చాలాకాలంగా ఉన్న పద్ధతి. 2026-27 నుంచి ఈ సంఖ్యను 84కు పెంచాలని లీగు, క్రీడాకారుల సంఘం ఒప్పందం చేసుకున్నాయి. ప్రతి డివిజన్‌లో మొదటి మూడు జట్లు, వాటి తర్వాత ఒక్కో కాన్ఫరెన్సు నుంచి మెరుగైన మరో రెండు జట్లు, మొత్తం 16 జట్లు ప్లేఆఫ్స్‌కు వెళతాయి.

పాయింట్ల పట్టికను చదవడం

ఐపీఎల్ పట్టికకు అలవాటు పడిన కంటికి హాకీ పట్టికలో మొదట కొత్తగా కనిపించేది ఓటమికి కూడా పాయింటు రావడం. గెలిచిన జట్టుకు, గెలుపు ఏ విధంగా వచ్చినా, 2 పాయింట్లు దక్కుతాయి. 60 నిమిషాల ఆటలో ఓడిన జట్టుకు ఏమీ రాదు. 60 నిమిషాలు ముగిసేసరికి స్కోరు సమంగా ఉంటే 5 నిమిషాల ఓవర్‌టైమ్ ఆడతారు. అందులో గోల్‌కీపరు కాక ఒక్కో జట్టుకు ముగ్గురే ఉంటారు, మొదటి గోలుతో మ్యాచ్ ముగుస్తుంది. అప్పటికీ తేలకపోతే షూటౌట్ పెడతారు, అంటే ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపరును ఎదుర్కొని గోలుకు ప్రయత్నిస్తాడు. ఓవర్‌టైమ్‌లో గానీ షూటౌట్‌లో గానీ ఓడిన జట్టుకు 1 పాయింటు ఇస్తారు. అందుకే జట్టు రికార్డును మూడు సంఖ్యలుగా రాస్తారు. బ్లూస్ ఆ సీజన్‌ను 45-28-9 రికార్డుతో ముగించింది. అంటే 45 గెలుపులు, 60 నిమిషాల్లోనే వచ్చిన 28 ఓటములు, ఆ తర్వాత వచ్చిన 9 ఓటములు, మొత్తం 99 పాయింట్లు.

ఈ పద్ధతి వల్ల కొన్ని మ్యాచ్‌లు రెండు పాయింట్లే పంచితే, మరికొన్ని మూడు పంచుతాయి. మీ జట్టుకు ముందున్న రెండు జట్లు తమలో తాము ఆడి ఓవర్‌టైమ్‌కు వెళితే రెండూ ముందుకు జరుగుతాయి, మీ జట్టు ఆ రాత్రి ఆడకుండానే వెనకబడుతుంది. మార్చి నెలలో ఐదారు పాయింట్ల తేడా చూడటానికి చిన్నదిగా ఉన్నా పూడ్చడం కష్టమని చెప్పేది ఇందుకే. పాయింట్లు సమానమైనప్పుడు 2019-20 నుంచి మొదట చూసేది 60 నిమిషాల్లోనే సాధించిన గెలుపుల సంఖ్య, కాబట్టి పట్టికలో ఆ గడిని కూడా గమనిస్తూ ఉండాలి.

స్థానం కన్నా ముందు చూడవలసింది పాయింట్ల శాతం. జట్లన్నీ ఒకే రోజు ఒకే సంఖ్యలో మ్యాచ్‌లు ఆడి ఉండవు. మూడు నాలుగు మ్యాచ్‌లు తక్కువ ఆడిన జట్టు పట్టికలో ఉండవలసిన చోటుకన్నా కిందే కనిపిస్తుంది. వచ్చిన పాయింట్లను, ఆడిన మ్యాచ్‌లకు రెట్టింపు సంఖ్యతో భాగిస్తే శాతం తెలుస్తుంది. జనవరి 3 నాటికి బ్లూస్ ఆడినవి 37 మ్యాచ్‌లు, రికార్డు 15-18-4, రాగలిగిన 74 పాయింట్లలో వచ్చినవి 34, అంటే 0.459. మిగిలిన 45 మ్యాచ్‌లలో రికార్డు 30-10-5, రాగలిగిన 90లో 65, అంటే 0.722. రెండూ కలిపితే 0.604 అవుతుంది. ఈ చివరి అంకెను మాత్రమే చూసినవారికి ఆ సీజన్‌లో ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. అందుకని సీజన్‌ను ఇరవయ్యేసి మ్యాచ్‌ల భాగాలుగా విడగొట్టుకుని, ఒక్కో భాగానికి విడిగా శాతం లెక్కవేసి రాసుకోవాలి. ఒక వారంలో మూడు ఓటములు ఎదురైనప్పుడు కలిగే ఆందోళనకు ఈ చిన్న పట్టికకు మించిన మందు లేదు.

నవంబరు నాలుగో గురువారం అమెరికాలో జరుపుకునే థ్యాంక్స్‌గివింగ్ నాటికి ప్లేఆఫ్ స్థానాల్లో ఉన్న జట్లలో సుమారు నాలుగింట మూడు వంతులు చివరికి ప్లేఆఫ్స్‌కు చేరుతాయని హాకీ వర్గాల్లో తరచుగా చెబుతారు. ఈ కొలత పనికొచ్చేదే. అయితే మిగిలిన నాలుగో వంతు సంగతి కూడా అందులోనే ఉందని మరవకూడదు.

కోచ్ మారినప్పుడు, గోల్‌కీపరు మారినప్పుడు

సీజన్ మధ్యలో జట్టులో జరిగే పెద్ద మార్పులను తేదీతో సహా రాసుకోవాలి, కానీ వాటి ఫలితాన్ని వెంటనే తేల్చేయకూడదు. బ్లూస్ యాజమాన్యం 2018 నవంబరు 19న, 19 మ్యాచ్‌లు ముగిసి రికార్డు 7-9-3గా ఉన్నప్పుడు, కోచ్ మైక్ యోను తొలగించి క్రెయిగ్ బెరూబీకి తాత్కాలికంగా బాధ్యత అప్పగించింది. తర్వాతి 18 మ్యాచ్‌లలో వచ్చిన రికార్డు 8-9-1. అంటే కోచ్ మారిన ఆరు వారాల తర్వాత కూడా అంకెల్లో చెప్పుకోదగిన మార్పు లేదు. కీలక ఆటగాళ్లను ఇతర జట్లకు ఇచ్చేస్తారన్న ఊహాగానాలు కూడా ఆ రోజుల్లో గట్టిగానే వినిపించాయి. ఫిబ్రవరి 25న ఆటగాళ్ల మార్పిడి గడువు ముగిసేసరికి జనరల్ మేనేజర్ డగ్ ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టు మూలస్తంభాలను ఎవరినీ వదులుకోలేదు. ఆ సీజన్‌లో అన్నిటికన్నా విలువైన నిర్ణయం ఏదంటే, ఈ చేయకుండా ఆగిన పనినే నేను చెబుతాను. గడువు రోజున ఎవరు వచ్చారన్నదే కాక, ఎవరు మిగిలారన్నది కూడా రాసుకోండి.

అసలు మలుపు జనవరి 7న ఫిలడెల్ఫియాలో కనిపించింది. 2011 డ్రాఫ్ట్ (జట్లు యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మూడో రౌండులో ఎంపికై, ఏళ్ల తరబడి కింది స్థాయి లీగుల్లో ఆడుతూ వచ్చిన 25 ఏళ్ల జోర్డన్ బిన్నింగ్టన్ ఆ రోజు మొదటిసారి ప్రారంభ గోల్‌కీపరుగా దిగాడు. బ్లూస్ 3-0తో గెలిచింది. ఆ సీజన్‌లో అతని రికార్డు 24-5-1, ఆపిన షాట్ల శాతం 92.7. ఆ ఏడాది లీగు సగటు సుమారు 91. రెంటి మధ్య తేడా రెండు శాతం కూడా లేదు కదా అనిపిస్తుంది. కానీ గోలు వైపు మ్యాచ్‌కు 30 షాట్లు వస్తాయనుకుంటే, అది మ్యాచ్‌కు అర గోలు తేడా. ఒక్క గోలుతో తేలిపోయే మ్యాచ్‌లు అడుగడుగునా ఉండే ఆటలో అర గోలు ఎంత పెద్దదో 82 మ్యాచ్‌ల పొడవునా చూస్తేనే తెలుస్తుంది. ఐస్ హాకీలో ఒక్క మనిషి ఫలితాన్ని ఇంతగా మార్చగల స్థానం మరొకటి లేదని నా అభిప్రాయం. అందువల్ల ప్రతి మ్యాచ్ తర్వాత స్కోరుతోపాటు గోల్‌కీపరు ఎవరు, ఎన్ని షాట్లు ఎదుర్కొన్నాడు, ఎన్ని ఆపాడు అన్నవి తప్పక చూడాలి. నాలుగైదు మ్యాచ్‌లతో మాత్రం గోల్‌కీపరును అంచనా వేయకూడదు. కనీసం పదిహేను ఇరవై అయినా కావాలి.

మనకున్న సమయంలో చూడటం

సెయింట్ లూయిస్‌లో రాత్రి 7 గంటలకు మొదలయ్యే మ్యాచ్ శీతాకాలంలో మనకు మరునాడు ఉదయం 6:30కి, అక్కడ గడియారాలు ముందుకు జరిగే మార్చి రెండో ఆదివారం నుంచి 5:30కి మొదలవుతుంది. మ్యాచ్‌కు సుమారు రెండున్నర గంటలు పడుతుంది కాబట్టి ఉద్యోగాలకు వెళ్లేవారు అన్నీ చూడలేరు, చూడనవసరం కూడా లేదు. వారానికి ఒకటి పూర్తిగా చూసి, మిగిలినవాటికి గణాంకాలు చదివితే సరిపోతుంది. వరుసగా రెండు రాత్రులు ఆడవలసిన తేదీలను ముందే గుర్తుపెట్టుకోవాలి. రెండో రాత్రి తరచుగా రెండో గోల్‌కీపరు దిగుతాడు, కాళ్లలో అలసట ఉంటుంది, ఆ ఓటమిని మామూలు ఓటమితో సమానంగా లెక్కించకూడదు. డాలస్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారికి ఈ ఇబ్బంది లేదు: డాలస్ స్టార్స్ సాధన కేంద్రం చాలా తెలుగు కుటుంబాలున్న ఫ్రిస్కోలోనే ఉంది.

ప్లేఆఫ్స్ లెక్క వేరు

ఏప్రిల్‌లో అంతా కొత్తగా మొదలవుతుంది. నాలుగు రౌండ్లు, ఒక్కో రౌండులో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టుదే విజయం, కప్పు చేరుకోవడానికి మొత్తం 16 గెలుపులు కావాలి. షూటౌట్ ఉండదు, గోలు పడేదాకా 20 నిమిషాల ఓవర్‌టైమ్‌లు పూర్తి బలగంతో ఆడుతూనే ఉంటారు. 2019లో 62 గెలుపులు, 128 పాయింట్లతో లీగులో మొదటి స్థానంలో నిలిచిన టాంపా బే మొదటి రౌండులోనే కొలంబస్ చేతిలో 0-4తో ఓడింది. ఆ ఏడాది డివిజన్ విజేతలు నలుగురూ మొదటి రౌండు దాటలేదు.

ప్లేఆఫ్స్‌లో ఒక్కో మ్యాచ్‌ను విడిగా చూడాలి. ఒక మ్యాచ్‌లో ఎంత తేడాతో ఓడారన్నది తర్వాతి మ్యాచ్‌కు లెక్కలోకి రాదు. మూడో రౌండులో శాన్ హోసేతో మూడో మ్యాచ్‌ను, ప్రత్యర్థి ఆటగాడు నిబంధనకు విరుద్ధంగా పక్‌ను (ఆడే బిళ్లను) చేతితో అందించడం రిఫరీలు గమనించకపోవడంతో ఓవర్‌టైమ్‌లో కోల్పోయిన బ్లూస్, ఆ తర్వాతి మూడూ గెలిచింది. ఫైనల్లో సొంత మైదానంలో 7-2తో ఒకసారి, 5-1తో మరోసారి ఓడి, బోస్టన్‌లో జరిగిన ఏడో మ్యాచ్‌ను 4-1తో గెలిచింది. సొంత మైదానం కలిసొస్తుందన్న నమ్మకాన్ని కూడా లెక్కతో సరిచూసుకోవాలి: ఆ ప్లేఆఫ్స్‌లో బ్లూస్ రికార్డు సొంత ఊళ్లో 6-7, పరాయి ఊళ్లలో 10-3.

చివరి మ్యాచ్ అయ్యాక పుస్తకం మూసేయకండి. జూన్ చివరలో డ్రాఫ్ట్ జరుగుతుంది, జులై 1న ఒప్పందాలు ముగిసిన ఆటగాళ్లు కొత్త జట్లను ఎంచుకోవడం మొదలవుతుంది. బ్లూస్ తరఫున ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా 77 పాయింట్లు (ఆటగాడి విషయంలో పాయింట్లంటే వేసిన గోళ్లు, గోళ్లకు అందించిన సాయం కలిపిన లెక్క) సాధించి, ప్లేఆఫ్స్ అత్యుత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్న ర్యాన్ ఓరైలీ బఫలో నుంచి ఆ జట్టుకు వచ్చింది 2018 జులై 1న. కాబట్టి మీరు ఎంచుకున్న జట్టుకు కొత్త పేజీని అక్టోబరులో కాక జులై మొదటి తేదీనే తెరిచి, వచ్చినవారి పేర్లు, వెళ్లినవారి పేర్లు, వారి ఒప్పందాల కాలపరిమితి దానిమీద రాసి పెట్టుకోండి.