విడాకుల తర్వాత పిల్లల్ని కలిసే టైమ్ ఎలా రాయించుకోవాలి? హైదరాబాద్ పేరెంట్స్ కోసం స్టెప్ బై స్టెప్

కోర్టు ఆర్డర్లో "తండ్రి వీలున్నప్పుడు పాపని చూడవచ్చు" అని ఒక్క లైన్ రాసి ఉందనుకోండి, అసలు లొల్లి అక్కడ్నుంచే మొదలవుతది. ఎవరికి వీలున్నప్పుడు, ఎక్కడ చూడాలి, ఎవరు తీసుకురావాలి, ఎన్నింటికి దింపాలి, ఇవేవీ అందులో ఉండవు కాబట్టి ప్రతి శనివారం వాట్సాప్‌లో ఒక పంచాయితీ. అందుకే కలిసే హక్కు తెచ్చుకోవడం ఒకెత్తు, దాన్ని వివరంగా రాయించుకోవడం ఇంకోఎత్తు అంటున్నా. ఎక్కువగా తల్లి దగ్గరే పిల్లలుంటారు కాబట్టి ఉదాహరణలు అట్లనే ఇచ్చా, తండ్రి దగ్గర ఉంటే తల్లికి కూడా ఇదే పద్ధతి.

స్టెప్ 1: ఏ కోర్టులో వెయ్యాలో తేల్చుకోండి

విడాకుల కేసు ఆల్రెడీ నడుస్తుంటే కొత్త కేసు అక్కర్లేదు, హిందూ మ్యారేజ్ యాక్ట్, 1955 సెక్షన్ 26 కింద అదే కేసులో ఒక ఐఏ (నడుస్తున్న కేసు లోపలే వేసే చిన్న అర్జీ) వేస్తే సరిపోతది. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నోళ్లకి సెక్షన్ 38 ఉంది. విడాకుల కేసే లేకుండా ఊరికే విడిగా ఉంటున్నా, ముస్లింలైనా, గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్, 1890 కింద వేస్తారు, లాయర్లు దీన్నే జీడబ్ల్యూఓపీ అంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో ఆ ఏరియా కోర్టులోనే ఇది వెయ్యాలి. మీరు సిటీలో ఉండి, పాప వరంగల్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి అక్కడే స్కూల్‌కి పోతుంటే, హైదరాబాద్‌లో వేసిన కేసుకి అవతలి లాయర్ ముందు లేవనెత్తేది జ్యూరిస్‌డిక్షనే, అంటే ఈ కేసు వినే అధికారం ఈ కోర్టుకి లేదనే.

సిటీ కేసులకి పురానీ హవేలీ ఫ్యామిలీ కోర్టు, రంగారెడ్డి జిల్లా కేసులకి ఎల్బీనగర్, ఇట్లా ఏరియాని బట్టి మారుతది, ఫైల్ చేసే ముందు లాయర్నో కోర్టు ఆఫీసులోనో అడిగి కన్ఫర్మ్ చేస్కోండి. లాయర్ ఫీజు కట్టలేకపోతే జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీకి పోండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ చెయ్యాలంటే 15100.

అయిదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్, 1956లో ఉంది. దాన్ని పట్టుకుని "ఇక తండ్రికి ఏం లేదు" అనేవాళ్లున్నారు, అది తప్పు. కస్టడీ వేరు, కలవడం వేరు. అమ్మానాన్న ఇద్దరి ప్రేమా పొందడం పిల్లల హక్కు అని, ఎదురుగా కలవలేనోళ్లకి వీడియో కాల్ లాంటిదైనా ఉండాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో చెప్పింది.

స్టెప్ 2: మాట్లాడుకోవడం కుదిరితే అదే బెస్ట్, కానీ వరస మార్చండి

ఫ్యామిలీ కోర్టులో ఎట్లాగూ ముందు రాజీకి ట్రై చేస్తారు, కౌన్సెలింగ్‌కి పంపిస్తారు. మ్యూచువల్ డివోర్స్‌కి పోయేవాళ్లు లాయర్ల దగ్గర కూర్చుని ఒప్పందం రాసుకుంటారు కదా, అందులో ముందు డబ్బు, తర్వాత బంగారం, సామాన్లు, పెట్టుకున్న కేసుల విత్‌డ్రా, ఇవన్నీ అయ్యేసరికి రాత్రవుతది, అందరూ అలిసిపోయి ఉంటారు, పిల్లల సంగతి చివర్లో రెండు లైన్లలో కానిచ్చేస్తారు. నా మాట విని పిల్లల పేజీ ముందు రాయించండి. ఎందుకంటే ఇద్దరి ఒప్పందం మీద ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన ఆర్డర్ మీద మళ్లీ అప్పీల్‌కి పోవడానికి ఉండదు, సంతకం పెట్టాక "నేను చూస్కోలేదు" అంటే నడవదు.

స్టెప్ 3: షెడ్యూల్ రాయండి

అసలు పని ఇదే. ఇట్లా ఉండాలి:

"ప్రతి నెల రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకి తల్లి ఉంటున్న అపార్ట్‌మెంట్ గేటు దగ్గర తండ్రి పాపని తీసుకుంటాడు. ఆదివారం సాయంత్రం 6 గంటలకి అదే గేటు దగ్గర దింపుతాడు. అరగంట కంటే లేటయితే మెసేజ్ పెడతాడు. పాపకి ఒంట్లో బాగలేక కుదరకపోతే, వచ్చే శనివారం ఇదే టైమ్‌కి ఇదే పద్ధతిలో."

అంతే, దీన్ని చదివి ఇంకెవరూ అర్థం చెప్పక్కర్లేదు. రెండో శనివారం చాలా స్కూళ్లకి సెలవే, నాలుగో శనివారం మాత్రం మీ స్కూల్ క్యాలెండర్ చూసి రాయండి.

దింపే చోటు గురించి కొంచెం ఆలోచించాలి. ఒకరు మియాపూర్, ఇంకొకరు ఎల్బీనగర్ అనుకోండి, మధ్యలో అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో కలుద్దాం అంటారు, వినడానికి న్యాయంగానే ఉంటది కానీ ఆ రద్దీలో నాలుగేళ్ల పిల్లని, బ్యాగుని చేతులు మార్చడం, అదీ మాటలు లేని ఇద్దరి మధ్య, నాకైతే నచ్చదు. స్కూల్‌కి పోయే పిల్లలైతే శుక్రవారం సాయంత్రం స్కూల్ నుంచే తీసుకుని సోమవారం పొద్దున స్కూల్‌లోనే దింపెయ్యడం అన్నిటికంటే మేలు, పెద్దోళ్లు ఎదురుపడే పనే ఉండదు. దానికి ఆర్డర్ కాపీ ఒకటి స్కూల్ ఆఫీసులో ఇచ్చి పెట్టాలి, లేకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేస్తాడు, ఆపాలి కూడా.

పండగలకి సరి, బేసి సంవత్సరాలు పెట్టుకోండి. సరి సంవత్సరం దసరా అమ్మ దగ్గర, సంక్రాంతి నాన్న దగ్గర, బేసి సంవత్సరం ఉల్టా. పాప సద్దుల బతుకమ్మకి అమ్మమ్మ ఊరికి పోవడం అలవాటైతే ఆ ఒక్క రోజు విడిగా రాయించండి, సెలవులు సగం సగం అని వదిలేస్తే ఆ రోజు ఎవరి సగంలో పడుద్దో చెప్పలేం. ఎండాకాలం సెలవుల్లో ఏ వారాలు ఎవరివో, నానమ్మ తాతయ్య కలవొచ్చా, పీటీఎంకి ఇద్దరూ రావొచ్చా, ప్రోగ్రెస్ కార్డు ఇద్దరికీ ఇవ్వాలా, హాస్పిటల్ అయితే ఎంతసేపట్లో చెప్పాలి, విదేశాలకి తీసుకుపోవాలంటే కోర్టు పర్మిషన్ కావాలా, ఇవన్నీ ఒక్కో లైన్.

అమెరికాలో ఉన్న పేరెంట్ అయితే వీడియో కాల్ టైమ్ ఇండియా టైమ్‌లో రాయించండి. "శనివారం రాత్రి 8 గంటలకి" అంటే డాలస్‌లో ఎండాకాలం పొద్దున 9:30, నవంబర్లో అక్కడ గడియారం మార్చాక 8:30. పిల్ల నిద్రపోయే టైమ్ ముఖ్యం, మనం లేచే టైమ్ కాదు.

స్టెప్ 4: ఫైనల్ ఆర్డర్ దాకా ఆగొద్దు

మెయిన్ కేసు ఏళ్లు పట్టొచ్చు, పిల్లలు ఆలోపు మర్చిపోతారు. కాబట్టి మధ్యంతర విజిటేషన్‌కి, అంటే కేసు తేలేలోపు పిల్లల్ని కలవడానికి, ఐఏ వెంటనే వెయ్యండి. చాన్నాళ్లు చూడని పిల్లలైతే ముందు కోర్టు ఆవరణలోనే గంటో రెండు గంటలో ఇస్తారు చాలాసార్లు, కౌన్సెలర్ ఉంటారు. పాప దగ్గరికి రాకుండా అమ్మ చున్నీ పట్టుకుని నిలబడితే గాబరా పడొద్దు, లాగొద్దు. పెద్ద బొమ్మలు, కొత్త ఫోన్ తేవద్దు, రంగుల పెన్సిళ్లు, ఒక పుస్తకం, తనకిష్టమైన బిస్కెట్లు చాలు, కింద కూర్చుని మీరే బొమ్మ గీయడం మొదలుపెట్టండి. "అమ్మ నా గురించి ఏమంటది" అని మాత్రం అడగొద్దు. కోర్టులో ఈ కలవడాలు సరిగ్గా జరిగితే పాపని బయటికి తీసుకుపోవడానికి అడగొచ్చు. జూకైతే సోమవారం, సాలార్‌జంగ్ మ్యూజియంకైతే శుక్రవారం పోవద్దు, మూసి ఉంటయి.

హింస కేసుంటే సంగతి వేరు. గృహహింస చట్టం, 2005 సెక్షన్ 21 కింద, కలవడం వల్ల పిల్లలకి హాని అనిపిస్తే మెజిస్ట్రేట్ ఆపొచ్చు. తల్లికి భయముంటే వేరొకరి సమక్షంలోనే కలవాలని అడగండి, మీ అంతట మీరు పిల్లల్ని దాచిపెట్టొద్దు.

స్టెప్ 5: ఆర్డరున్నా చూపించకపోతే

పోలీస్ స్టేషన్‌కి పోతే సివిల్ మ్యాటర్, కోర్టుకి పోండి అంటారు చాలావరకు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అరవొద్దు, ఆ వీడియోనే రేపు మీ మీద ఎవిడెన్స్. టైమ్‌కి పోండి, "10 గంటలకి గేటు దగ్గర ఉన్నా" అని మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి, పావుగంట చూసి ఇంకొకటి. ఇట్లా జరిగిన తేదీలన్నీ రాసిపెట్టుకుంటే అదే కోర్టులో ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఆర్డర్ని అమలు చేయించమని అడిగే అర్జీ) వేసేటప్పుడు పనికొస్తయి. పిల్లని ఎత్తుకుపోవడం, స్కూల్ నుంచి చెప్పకుండా తీసుకుపోవడం అసలొద్దు. అట్లనే, చూపించట్లేదని మెయింటెనెన్స్ ఆపడం, డబ్బులు వెయ్యలేదని పిల్లని ఆపడం, రెండూ తప్పే, కోర్టు ఆ రెండింటినీ విడివిడిగా చూస్తది.

స్టెప్ 6: పిల్లలు పెరిగితే మార్పించుకోండి

ఈ ఆర్డర్లు శాశ్వతం కాదు, పరిస్థితి మారితే అదే కోర్టుని మార్చమని అడగొచ్చు. మూడేళ్లప్పుడు రాసిన రెండు గంటలు పదేళ్ల పిల్లాడికి సరిపోవు, టెన్త్ పిల్లకేమో శనివారం ట్యూషన్లుంటయి. సొంతంగా ఆలోచించే వయసొస్తే పిల్లల ఇష్టాన్ని కూడా కోర్టు పరిగణించొచ్చు, జడ్జి చాంబర్లోకి పిలిచి మాట్లాడతారు. ఆ ముందు రోజు రాత్రి ఏం చెప్పాలో నేర్పించి పంపేవాళ్లుంటారు, రెండు ప్రశ్నలకే జడ్జికి తెలిసిపోతది.