గ్రిల్ జాలీ తోమే ముందు

మా బరంపురానికి గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే. ఉప్పుగాలికి ఇనుప జాలీ ఇట్టే తుప్పు పడుతుంది, అందుకే చేపలు కాల్చిన ప్రతిసారీ తోముతాం. చేయి పెట్టే ముందు ఇవి చూసుకోండి.

- గ్యాస్ గ్రిల్ అయితే రెగ్యులేటర్ కట్టేశారా?
- బొగ్గులదైతే బూడిదను నమ్మకండి. పైకి చల్లారినట్టున్నా లోపల నిప్పు మర్నాటి దాకా ఉండొచ్చు. ఇనుప బకెట్‌లోకే ఎత్తండి.
- తీగల బ్రష్ మాత్రం వద్దు. ఊడిన తీగ జాలీకి అంటుకుని, చేప ముక్కతో పాటు గొంతులోకి పోవచ్చు. పిల్లలు తినే ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు? కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దితే చాలు.
- జాలీ గోరువెచ్చగా ఉండాలి. కాలుతున్నప్పుడు చన్నీళ్లు పోస్తే పోత ఇనుము పగలొచ్చు, ఆవిరికి చేయి కాలుతుంది.
- పొడిగుడ్డ, వంటనూనె పక్కనే పెట్టుకోండి. తుడిచిన వెంటనే పల్చగా నూనె రాయాలి.