నిర్మానుష్య దీవికి ఏ ఆల్బమ్‌లు పట్టుకెళ్ళాలి? ఎనిమిదింటిని ఎంచుకునే పద్ధతి

వరద తీసి, పొలం పనులు ఇంకా మొదలుకాని రోజుల్లో మా ఊరి ఏటిగట్టు మీద ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "నరమానవుడు లేని దీవిలో దింపేస్తే ఏ పాటలు పట్టుకెళ్తావురా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఐదు నిమిషాల్లో తలా ఒక జాబితా చెప్పేస్తారు. ఆ జాబితాలు వింటే నాకు బాధేస్తుంది. పదిమంది మధ్య కూర్చుని, పదిమందికీ నచ్చే పాటలు చెబుతారు. దీవిలో ఆ పదిమంది ఉండరన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

నాకు ఇది ఏటా పడే పని. గోదావరి పాయ మధ్య లంకలో మాకు కూరగాయల మడి ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా కార్తీకం నుంచి ఉగాది దాకా నా మకాం అక్కడే, తాటాకు పాకలో. కూలీలు పొద్దున వచ్చి, పొద్దుగూకే వేళకి ఆఖరి పడవలో వెళ్ళిపోతారు. ఆ తర్వాత తెల్లవార్లూ పందులు మడిలో పడకుండా కాపలా. ఫోన్ సిగ్నల్ లంక చివర నిలబడితే ఒక గీత వస్తుంది, రెండడుగులు వెనక్కి వేస్తే పోతుంది. అందుకే ఏం వినాలో ముందే తేల్చుకుని వెళ్ళాలి. గల్ఫ్‌కి వెళ్ళే చుట్టాలకి, రొయ్యల చెరువుల కాపలాకి వెళ్ళే కుర్రాళ్ళకి, ఓడ మీద పనిచేసే మా మేనల్లుడికి కూడా నేనే దగ్గర కూర్చుని ఎంపిక చేయించాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

కావలసినవి

మంచి స్పీకర్ ఒకటి, మెమరీ కార్డులు రెండు (రెండింట్లోనూ అవే పాటలు), చిన్న సోలార్ ప్లేటు, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా, నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, మంచుకి సిరా పాకిపోతుంది. ఎల్పీ రికార్డుల మీద మోజున్నవాళ్ళకి ఒక మాట. 1986 ఆగస్టు వరదలో మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. రికార్డులు బురద కడిగితే మళ్ళీ పాడాయి, అట్టలు ముద్దయిపోయాయి. క్యాసెట్లు ఒక్కటీ దక్కలేదు. అయినా దీవికి కార్డే తీసుకెళ్ళండి.

ఎనిమిదే ఎందుకు?

ఈ ఆటని రేడియోలో పెట్టింది బీబీసీ. 1942 జనవరిలో రాయ్ ప్లమ్లీ అనే ఆయన మొదలుపెట్టాడు. వచ్చిన అతిథి ఎనిమిది రికార్డులు, ఒక పుస్తకం, ఒక విలాస వస్తువు ఎంచుకోవాలి. అప్పటి రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, పది అంగుళాల దాంట్లో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట పట్టేది. అంటే ఎనిమిది రికార్డులు కలిపినా గంట సంగీతం లేదు. మనకి అంత కరువు లేదు కాబట్టి అంకె అదే ఉంచి, పాటకి బదులు ఆల్బమ్ అనుకుందాం. ఆల్బమ్ అన్న మాట కూడా ఆ రోజులదే. నాలుగైదు రికార్డుల్ని ఫొటోల ఆల్బమ్ లాంటి అట్టల పుస్తకంలో పెట్టి అమ్మేవారు, ఆ పేరే నిలిచిపోయింది.

పదికి పెంచకండి. పది అనగానే మొహమాటానికి రెండు చేరతాయి.

మొదటి పని: ఇరవై పేర్లు రాసుకోవడం

దీనికి ఒక సాయంత్రం చాలు. మీకు నచ్చిన ఆల్బమ్‌లు ఇరవై రాయండి. పూర్తి ఆల్బమ్‌లే రాయాలి. ఏరి కూర్చిన పాటల కట్టలు పనికిరావు. ఒకప్పుడు క్యాసెట్ షాపుకి చీటీ ఇచ్చి నచ్చిన పాటలు ఎక్కించుకునేవాళ్ళం, ఇప్పుడు ఫోన్‌లో ప్లేలిస్టు కడుతున్నాం. రెండిట్లోనూ ఒకటే లోపం. అన్నీ నచ్చిన పాటలే అయినప్పుడు వినడానికి కొత్తగా ఏమీ మిగలదు. మా మేనల్లుడు మొదటిసారి ఓడెక్కేటప్పుడు నాలుగు వేల పాటలు కార్డులో వేసుకున్నాడు. "ఆయ్, మొత్తం సర్దేశాను మామయ్యా, ఇంక టెన్షన్ లేదు" అన్నాడు. తొమ్మిది నెలల తర్వాత వచ్చి, విన్నవి పన్నెండు పాటలేనని చెప్పాడు. ఆ పన్నెండూ ఇప్పుడు వాడికి వినబుద్ధి కావడం లేదు.

పూర్తి ఆల్బమ్‌లో మీరు పట్టించుకోని పాటలు రెండు మూడు ఉంటాయి. దీవిలో మిమ్మల్ని ఆదుకునేవి అవే.

ఇరవైలో సినిమావి ఎనిమిది దాటకూడదు. చివరి ఎనిమిదిలో మూడు దాటకూడదు. సినిమా పాట గొప్పది కాదని నేననను. కానీ మామూలుగా సినిమా ఆల్బమ్ అంటే ఐదారు పాటలు, అరగంటలో అయిపోతుంది. 1980లో వచ్చిన శంకరాభరణం లాంటివి వేరు. కె.వి. మహదేవన్ గారు కూర్చిన దాంట్లో త్యాగరాజ కీర్తన ఉంది, రామదాసు కీర్తన ఉంది, వేటూరి గారి పాటలున్నాయి. బాలు గారికి, వాణీ జయరాం గారికి, మహదేవన్ గారికి ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన ఆల్బమ్ అది. దానికి నా జాబితాలో చోటు ఎప్పుడూ పోలేదు.

రెండో పని: ఏడు రాత్రుల పరీక్ష

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ, కాబట్టి ఈ భాగం నిదానంగా చదవండి.

ఒక్కో ఆల్బమ్‌ని వరసగా ఏడు రాత్రులు వినాలి. ఒంటరిగా, మొదటి నుంచి చివరి దాకా, వరస మార్చకుండా, ఏ పాటా దాటేయకుండా. ఇరవై ఆల్బమ్‌లకి నూట నలభై రాత్రులు పడుతుంది. నాకు లంకలో సరిగ్గా అన్ని రాత్రులే దొరుకుతాయి. ఇంట్లో ఉండేవాళ్ళు డాబా మీదికో, పెరట్లోకో వెళ్ళండి. ఫోన్ ఇంట్లో వదిలేయండి.

పాట దాటేయాలని చెయ్యి కదిలినప్పుడల్లా నోటుపుస్తకంలో ఒక గీత పెట్టండి. దాటేయకూడదు, గీత మాత్రం పెట్టాలి. మొదటి రెండు రాత్రులు గీతలే పడవు, దానికి మురిసిపోకండి. మూడో రాత్రి విసుగు వస్తుంది. నాలుగో రాత్రి ఇంకా ఎక్కువగా వస్తుంది. అది ఎంత మంచి ఆల్బమ్‌కైనా తప్పదు. నాలుగో రాత్రి విసిగిపోయి దాన్ని కొట్టేయడమే నేను ఎక్కువగా చూసిన పొరపాటు. అసలు తీర్పు ఐదో రాత్రి వస్తుంది. ఐదో రాత్రి గీతలు తగ్గితే ఆ ఆల్బమ్ నిలుస్తుంది. పెరిగితే, అది ఎంత పేరున్నదైనా వదిలేయండి.

ఐదో రాత్రి ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. నా దగ్గర ఈమని శంకరశాస్త్రి గారి వీణ ఉంది. ఆయన మన ద్రాక్షారామంలో 1922లో పుట్టినవారు. నాలుగు రాత్రులు రాగం విన్నాను, వేగం విన్నాను, మెచ్చుకున్నాను. ఐదో రాత్రి గాలి పడిపోయింది, నీళ్ళ చప్పుడు కూడా లేదు. ఒకచోట ఆయన తీగని లాగి వదిలేశాక, చెయ్యి వేరే స్వరానికి వెళ్ళేలోపు, ఆ తీగ తనంతట తాను ఇంకా మోగుతూ ఉంది. రెండు క్షణాలు ఉంటుందేమో. మీటు లేదు, వేలు లేదు, నాదం ఒక్కటే సన్నగా కిందికి జారుతోంది. అన్నేళ్ళుగా ఆ టేపు నా దగ్గర ఉంది, ఆ రెండు క్షణాలు అంతకు ముందు నేను వినలేదు. ఇప్పుడు దాని కోసమే ఆ ఆల్బమ్ పెట్టుకుంటాను. ఆయన శిష్యుడే కాకినాడ చిట్టిబాబు గారు. వీణ మీద కోయిలని కూయించిన మనిషి. ఆయన వీణ మొదటి రాత్రే మనసు లాగేస్తుంది, గురువుగారిది ఐదో రాత్రి లాగుతుంది. దీవికి గురువుగారినే తీసుకెళ్ళండి.

ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. పాట మీద ఇష్టాన్ని, ఆ పాటతో ముడిపడిన మనిషి మీద ఇష్టాన్ని కలిపేయకండి. 1998లో నేను లంకకి అమ్మ క్యాసెట్ ఒకటి తీసుకెళ్ళాను. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పాడుకునే పాత పాటలు అందులో ఉన్నాయి. అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. మూడో రాత్రి పాట సగంలో ఆపేశాను, తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. తర్వాత గమనిస్తే ఆ పాటల్లో ఒక్కదాని చరణం కూడా నేను సరిగ్గా వినలేదు, వినిపించిందంతా అమ్మ గొంతే. ఆ క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. చెల్లి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి వింటాం. అలాంటివి ఇంట్లో ఉండాలి, మనుషుల మధ్య వినాలి. పరీక్ష సులువే. పాట మొదలవగానే కళ్ళు మూసుకోండి. రాగం ముందు వస్తే ఉంచండి, ముఖం ముందు వస్తే తీసేయండి.

ఘంటసాల గారి భగవద్గీతని కూడా ఇందుకే నేను వద్దంటాను. ఆ గొంతుకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ మన ఊళ్ళలో ఎవరైనా పోతే ఆ ఇంటి ముందు మైకులో అదే పెడతారు. తెల్లవారుజామున దూరం నుంచి అది వినబడితే ఎవరు పోయారా అని లేచి కూర్చుంటాం. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన ఆ అలవాటు ఒంటరిగా ఉన్న రాత్రి పోదు.

మూడో పని: హోరులో వినడం

పరీక్ష నెగ్గిన వాటిని పట్టుకుని ఒకరోజు అంతర్వేది వెళ్ళండి. నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నడిచి, ఇసకలో స్పీకర్ పెట్టి వినండి. గదిలో అద్భుతంగా ఉన్న ఆల్బమ్‌లు అక్కడ సగం మాయమైపోతాయి. తంబుర ముందు పోతుంది, తర్వాత సన్నటి వయొలిన్ పోతుంది. రొయ్యల చెరువు కుర్రాళ్ళకి ఇదే కష్టం, చెరువు నీళ్ళని చిలికే ఏరేటర్లు తిరిగినంతసేపూ గిటారు ముక్క వినబడదు. దీవి అంటే చుట్టూ అలలే కదా. హోరుకి తట్టుకుని నిలిచేది మనిషి గొంతు, అందులోనూ మాట స్పష్టంగా పలికే గొంతు.

అలాంటి గొంతుల్లో నా లెక్కకి బాలమురళీకృష్ణ గారి తర్వాతే ఎవరైనా. రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టినవారని ఈ మాట అనడం లేదు. ఆయన పాడిన రామదాసు కీర్తనలు సముద్రం పక్కన పెట్టి చూశాను, 'పలుకే బంగారమాయెనా' అన్నప్పుడు ఒక్క అక్షరం అలలో కలిసిపోలేదు. రెండో గొంతు నేదునూరి కృష్ణమూర్తి గారిది, పిఠాపురం దగ్గర కొత్తపల్లి మనిషి. అన్నమయ్య 'నానాటి బ్రదుకు'కి రేవతి రాగంలో వరస కట్టింది ఆయనే. ఆయన పాడుతుంటే ఎక్కడా తొందర ఉండదు. దీవిలో తొందర దేనికి?

వీణ హోరులో నిలవదు కదా అంటారేమో. నిలవదు. గాలి పడిపోయిన రాత్రి కోసం ఒక్క వీణని ఉంచుకోవాలి, అంతే. రెండు వద్దు.

నాలుగో పని: ఎనిమిదికి కుదించడం

సినిమావి మూడు, గాత్రం రెండు, వీణ ఒకటి. ఆరయ్యాయి. ఏడోది జనం చప్పుడు ఉన్నదై తీరాలి. హరికథో బుర్రకథో, జనం ముందు రికార్డు చేసింది. వంతలు తందాన అంటుంటే, జనం నవ్వుతుంటే, ఎక్కడో పిల్లాడు ఏడుస్తుంటే, ఆ పాకలో నాకు పక్కన మనుషులున్నట్టే ఉంటుంది. స్టూడియోలో తీసిన శుభ్రమైన రికార్డింగ్ ఆ పని చేయలేదు. ఇది లేకుండా వెళ్ళినవాళ్ళు రెండో వారానికే తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెడతారు, నేనూ మాట్లాడుకున్నాను.

ఎనిమిదోది మీకు పూర్తిగా అర్థం కానిదై ఉండాలి. నాకైతే బిస్మిల్లా ఖాన్ గారి షెహనాయి. హిందుస్తానీ నాకు తెలియదు, తెలుసుకోవడానికి అంత తీరిక ఇంకెక్కడా దొరకదు.

ఒకే గొంతు రెండు ఆల్బమ్‌లలో ప్రధానంగా రాకూడదు. బాలు గారి అభిమానులకి ఇది కష్టమే, అయినా పాటించండి.

సర్దడం

రెండు కార్డుల్లోనూ ఎక్కించి, ఒకటి స్పీకర్‌లో, ఒకటి డబ్బాలో. డబ్బాలో గుప్పెడు వేయించిన బియ్యం మూటకట్టి పెడితే చెమ్మ లాగేస్తుంది. జాబితా పెన్సిలుతో కాగితం మీద రాసి మూత లోపలి వైపు అంటించండి. రేవుకి వెళ్ళాక మార్చకండి. పడవ కోసం ఎదురుచూసేటప్పుడు ఇంకేదో గుర్తొస్తుంది, రాకుండా ఉండదు.

దిగిన మొదటి రాత్రి బుర్రకథ పెట్టుకోండి. రెండో రాత్రి, మూడో రాత్రి సినిమావి. వీణ మాత్రం గాలి పడేదాకా ముట్టుకోవద్దు.