బొమ్మల పుస్తకంతో బస్తీకి - 4వ పాఠం: పేజీ తిప్పాక ఆగడం

పోయిన పాఠంలో డమ్మీ, అంటే అచ్చుకి ముందు చేత్తో చేసుకునే నమూనా పుస్తకం, కుట్టుకున్నాం. మీకు దగ్గర్లోని అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడి ఒక రోజు ఖాయం చేసుకోమన్నాను. చేసుకుంటే, ఈ వారం పుస్తకం పట్టుకుని పిల్లల ముందు కూర్చోవాలి. బొమ్మలేసేవాళ్ళలో చాలామందికి టెన్షన్ ఇక్కడే. గీయడం వచ్చుగానీ చదివి వినిపించడం రాదంటారు. చదవడం రెండుమూడు సార్లకే అలవాటవుతుంది. చదవకుండా ఆగడానికే నాకు చాలా రోజులు పట్టింది. అందుకే ఈ పాఠమంతా దాని గురించే.

బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలుంటాయి. ప్రెస్సులో 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే కట్టలు) రెండు. లోపలి టైటిలూ ప్రచురణ వివరాలూ పోగా కథకు 13, 14 జత పేజీలు (పుస్తకం తెరిస్తే పక్కపక్కన కనిపించే రెండేసి పేజీలు) మిగులుతాయి. అంటే పుస్తకం మొత్తం మీద మీరు పేజీ తిప్పేది డజను సార్ల పైచిలుకు, అంతే. తిప్పిన ప్రతిసారీ పిల్లల ముందు ఒక కొత్త లోకం తెరుచుకుంటుంది. అందులోకి వాళ్ళు ఇంకా అడుగు పెట్టకముందే మనం వాక్యం అందుకుంటే, వాళ్ళు బొమ్మ వదిలేసి మన మొహం చూస్తారు. నెలల తరబడి వేసిన బొమ్మ అలా రెండు సెకన్లలో దాటిపోతుంది.

ముందు పట్టుకోవడం నేర్చుకుందాం. బస్తీ అంగన్‌వాడీ చాలాచోట్ల ఒక్క గదే. వచ్చేది మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు, చాప మీద కూర్చుంటారు. మీరు కుర్చీ వద్దు, పీట వేసుకోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి, పుస్తకం నీడలో పడుతుంది. వెలుతురు పక్కనుంచి రావాలి. ఆర్ట్ పేపర్ మీద అచ్చయిన పుస్తకమైతే మెరుపు కొడుతుంది కాబట్టి కాస్త కిందికి వంచి పట్టుకోండి.

ఇక చేతులు. పుస్తకాన్ని కుడి భుజం పక్కన, కుడిచేత్తో, మధ్య మడత కింద పట్టుకోండి. పుస్తకం పిల్లలవైపు తిరిగి ఉంటే, తిప్పాల్సిన పేజీ అంచు మన ఎడమవైపుకి, అంటే మన గుండెకు దగ్గరగా వస్తుంది. ఎడమచేత్తో సులువుగా తిప్పొచ్చు. అదే ఎడమచేత్తో పట్టుకుంటే, పేజీ తిప్పిన ప్రతిసారీ కుడిచెయ్యి బొమ్మకి అడ్డంగా పోవాలి. ఇంట్లో అద్దం ముందు రెండు రకాలుగానూ చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పేజీ తిప్పండి. నోరు మెదపకండి. మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి. మొదట్లో ఆ ఐదు అంకెలూ చాలా పొడుగ్గా అనిపిస్తాయి. గదిలో నిశ్శబ్దం చూసి పిల్లలకి విసుగొచ్చిందేమో అని భయమేస్తుంది. వాళ్ళ మొహాలు చూడకండి, కళ్ళు ఎటు కదులుతున్నాయో చూడండి. బొమ్మలో ఒక మూల నుంచి ఇంకో మూలకి పోతుంటాయి. ఆ కదలిక ఆగాక చదవండి.

నా కొత్త పుస్తకంలో నీళ్ళ ట్యాంకర్ వచ్చే బొమ్మ ఒకటుంది. డమ్మీలో ట్యాంకర్ ముందు వరసగా ఇత్తడి బిందెలు వేశాను. పసుపు రంగు మెరుస్తూ చాలా బాగా కుదిరింది, ఆ పేజీ అంటే నాకు గర్వం. ఒక బస్తీలో ఆ పేజీ తిప్పి ఆగాను. ముందు వరసలో ఒక పాప మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, ఒక బిందె మీద వేలు పెట్టింది. "గిన్ని ఇత్తడి బిందెలు ఎవరివక్కా? మా ఇంట్ల అన్నీ ప్లాస్టిక్‌వే" అంది. వెనకనుంచి ఇంకొకడు, "నీలం డ్రమ్ము ఏది?" అన్నాడు. నేను ఆగకుండా చదువుకుంటూ పోయి ఉంటే ఆ రెండు మాటలూ వినేదాన్ని కాదు. ఆ రాత్రే ఆ పేజీ మళ్ళీ వేశాను. ఎర్రవీ పచ్చవీ ప్లాస్టిక్ బిందెలు, అంచు విరిగిన బకెట్టు, గోడవారగా నీలం డ్రమ్ము. అచ్చయిన పుస్తకంలో ఉన్నది ఆ బొమ్మే.

ఆగడం వల్ల ఇంకో మేలుంది. హైదరాబాద్‌లో ఒకే చాప మీద తెలుగు పిల్లలూ, ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే పిల్లలూ, పనుల కోసం వలస వచ్చినవాళ్ళ పిల్లలూ కూర్చుంటారు. బొమ్మ ముందు వస్తే ఒకడు బిందె అంటాడు, పక్కవాడు మట్కా అంటాడు. ఎవర్నీ సరిదిద్దకండి. రెండు మాటలూ మీరూ ఒకసారి పలికి, అప్పుడు కథలోకి వెళ్ళండి. "ఇదేం రంగు? ఎన్ని ఉన్నాయి?" అని మాత్రం అడగొద్దు, పరీక్షలా ఉంటుంది. అడగాలనిపిస్తే "ఇక్కడేం జరుగుతోంది?" చాలు.

మన దగ్గర ఇది కొత్త విద్య కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు అనే చిత్రకారులు గుడ్డ మీద వేసే పటాలు ఉన్నాయి కదా, కథకులు వాటిని వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ ఊరివాళ్ళకి కథ చెప్పేవారు. గుడ్డకి చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి, బొమ్మల చుట్టూ ఎర్ర రంగు నింపుతారు. ఆ ఎరుపు మీద మనుషుల ఆకారాలు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. ఎక్కడైనా చేర్యాల పటం కనిపిస్తే పది అడుగుల వెనక్కి వెళ్ళి చూడండి. తర్వాత మీ డమ్మీని అదే దూరంలో గోడకి ఆనించి చూడండి. కథలో ముఖ్యమైన మనిషి వెనక వరస పిల్లకి కనిపించకపోతే ఆ పేజీ మళ్ళీ వెయ్యాల్సిందే. నేను అలా నాలుగు పేజీలు మళ్ళీ వేశాను.

ఈ వారం అభ్యాసం: ఇంట్లోవాళ్ళలో ఒకరిని నేల మీద కూర్చోబెట్టి, ఒక్క ముక్క చదవకుండా పుస్తకమంతా తిప్పండి. ఏ పేజీ దగ్గర వాళ్ళు తమంతట తాము మాట్లాడారో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. చుక్క పడని పేజీలు వరసగా మూడుంటే కథ అక్కడ జారుతోంది. ఆ తర్వాత అంగన్‌వాడీకి వెళ్ళండి. ఇరవై మంది కంటే ఎక్కువుంటే రెండు జట్లుగా కూర్చోబెట్టమని టీచర్‌ని అడగండి.

వచ్చే పాఠంలో, మనం ఇచ్చి వచ్చిన పుస్తకం చిరిగిపోతుందని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లల చేతుల్లో ఉండేలా ఏం చెయ్యాలో చూద్దాం.