స్ఫాగ్నం మాస్ కుళ్లుతోందా? ముందు నీళ్లు చూడండి

సమస్య: ఆర్కిడ్ కుండీలో తేమ నిలవడానికి వేసిన స్ఫాగ్నం మాస్ (ఒక రకం నాచు) నాలుగైదు నెలలకే ముదురు గోధుమరంగుకు తిరిగి మెత్తబడుతుంది. పైన తెల్లగా పొర కడుతుంది, వేళ్ల కొసలు నల్లబడతాయి. చాలామంది మాస్ మార్చేస్తారు, లేదంటే ఎరువు వేస్తారు. నీళ్లు చూసేవాళ్లు తక్కువ.

ముందు అది అసలు స్ఫాగ్నమేనా అన్నది తేల్చుకోండి. ఒక పోగు నానబెట్టి చూడండి. స్ఫాగ్నమైతే కాడ చివర చిన్న కొమ్మలన్నీ దగ్గరగా చేరి కుచ్చులా ఉంటాయి, కింద కొమ్మలు గుత్తులుగా వేలాడతాయి. ఆకుకు నడిమి ఈనె ఉండదు. ఎండితే పాలిపోతుంది, తడిపి పిండితే నీళ్లు ధారగా కారతాయి. చాపలా పరుచుకుని అడుగున మట్టి, గోధుమరంగు నూగు ఉంటే అది మామూలు గోడనాచు. బిరుసుగా నిలబడి, పైనుంచి నక్షత్రంలా కనిపించేది పాలిట్రైకం అనే మరో నాచు. అదీ చల్లటి ఉత్తర దేశాల చిత్తడి నేలల్లోనిదే గానీ నీళ్లు పట్టి ఉంచదు.

మాస్ అసలుదే అయితే కారణం చాలాసార్లు బోరు నీళ్లే. ఫిన్లాండ్, కెనడాల్లో స్ఫాగ్నం పేరుకుని పెరిగే బురదనేలల్లో చాలావాటికి వాననీరే ఆధారం. అందులో సున్నం దాదాపు ఉండదు. ఈ నాచు కణాల గోడలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా ఆమ్లాన్ని వదులుతాయి. కుళ్లును ఆపడంలో ఆ పులుపుదీ పెద్ద పాత్రే. అనంతపురం, కర్నూలు, కడప బోర్లలో చాలాచోట్ల సున్నం, బైకార్బనేట్ ఎక్కువ. అవి ఆ పులుపును విరిచేస్తాయి, ఇక కుళ్లు మొదలవుతుంది. పైగా మన ఎండకి రోజూ పోసిన నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం కుండీలోనే మిగులుతుంది.

తెల్లపొర మీద నిమ్మరసం చుక్క వేయండి. బుసబుస పొంగితే సున్నమే. టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన ఉప్పులను పీపీఎంలో, అంటే లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే పరికరం) నీళ్లు కొలవండి: 50 లోపు మంచిది, 100 దాకా ఫర్వాలేదు, 200 దాటితే వాడొద్దు. కుండీ అడుగు నుంచి కారే నీళ్లూ కొలవండి. పోసినదానికి రెట్టింపు చూపిస్తే ఉప్పు పేరుకుపోయినట్టే.

పరిష్కారం: ఆర్వో నీళ్లు గానీ పట్టి ఉంచిన వాననీళ్లు గానీ వాడండి. ఆరంగుళాల కుండీకి రెండు లీటర్లు మెల్లగా పోసి, పది నిమిషాలు ఆగి మళ్లీ పోయండి, ఇలా మూడుసార్లు. నెలకోసారి కడగండి. వేళ్ల మధ్య నలిపితే ముద్దయ్యే మాస్‌ను మాత్రం తీసి పారేయాల్సిందే. బోరు నీళ్లు రాత్రంతా తేర్చినా ఉప్పు పోదు. సాఫ్ట్‌నర్ నీళ్లలో కాల్షియం బదులు సోడియం చేరుతుంది కాబట్టి అదీ పనికిరాదు. ఆర్వో నుంచి బయటికి పోయే వృథా నీళ్లయితే మరీ చెడ్డవి. ఏసీ నీళ్లు బాగుంటాయి గానీ, మన వేసవి పొడిగాలిలో తక్కువే వస్తాయి. వాటినే నమ్ముకోవద్దు.

బూజు, పురుగు, రంగు వేసిన మాస్ లాంటివీ కారణం కావచ్చు. నీళ్లు సరిచేశాకే వాటి జోలికి వెళ్లండి. బతికున్న పచ్చి స్ఫాగ్నమైతే ఏప్రిల్, మే ఎండల్లో మంచి నీళ్లు పోసినా ఆరుబయట నిలవదు, నీడలో చల్లటి గదిలోకి మార్చండి.