ఎగుడుదిగుడు గ్రేడ్లతో అమెరికా మెడికల్ స్కూళ్లకు మళ్లీ అప్లై చేస్తున్నారా? లిస్టు ఇలా వేసుకోండి

అమెరికాలో ఏటా యాభై వేల మందికి అటూ ఇటూగా ఎండీ (అక్కడ డాక్టర్ కావడానికి చదివే డిగ్రీ) స్కూళ్లకు అప్లై చేస్తారు. సీటు దక్కేది అందులో సగం మందికి కూడా కాదు. రానివాళ్లలో చాలామంది మార్చి, ఏప్రిల్‌లలో చేసే పని ఒకటే. పాత లిస్టు తీసి, పైనున్న నాలుగైదు పెద్ద పేర్లు కొట్టేసి, కింద ఇంకో నాలుగైదు చేర్చి, మే నెలలో మళ్లీ పంపేస్తారు. మొదటి రెండేళ్లలో సి గ్రేడ్లు, చివరి రెండేళ్లలో ఎ గ్రేడ్లు ఉన్న ట్రాన్స్‌క్రిప్ట్‌కు ఈ పద్ధతి పనిచెయ్యదు. అలాంటి ట్రాన్స్‌క్రిప్ట్‌ను ఒక్కో స్కూలు ఒక్కో కొలతతో చదువుతుంది. మిమ్మల్ని మీకు అనుకూలమైన కొలతతో చూసే స్కూళ్లేవో వెతికి పట్టుకోవడమే ఇక్కడ అసలు పని.

ముందు జీపీఏ లెక్క

యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద అచ్చయిన జీపీఏను పక్కన పెట్టండి. అప్లికేషన్ సర్వీసులు దాన్ని వాడవు, సొంతంగా లెక్కకడతాయి. పైగా మూడు సర్వీసులు మూడు రకాలుగా కడతాయి.

ఎండీ స్కూళ్లకు వాడే ఆమ్‌కాస్ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ కలిపి ఒక సైన్స్ జీపీఏ కడుతుంది, మిగతా సబ్జెక్టులకు వేరే జీపీఏ చూపిస్తుంది. రెండింటినీ ఏడాదివారీగా ఒక పట్టికలో పెడుతుంది కాబట్టి మీరు ఎక్కడ పడ్డారో, ఎక్కడ లేచారో చూసేవాళ్లకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. డీఓ (ఎండీలాగే డాక్టర్లను తయారుచేసే ఆస్టియోపతిక్ వైద్య డిగ్రీ) స్కూళ్లకు వాడే ఆకోమాస్ సైన్స్ జీపీఏలో మ్యాథ్స్ కలపదు. క్యాలిక్యులస్, స్టాటిస్టిక్స్‌లలో ఎ గ్రేడ్లు తెచ్చుకుని ఆర్గానిక్ కెమిస్ట్రీలో జారినవాళ్లకు ఆమ్‌కాస్ సైన్స్ జీపీఏ కంటే ఆకోమాస్‌ది తక్కువగా కనబడుతుంది. టెక్సాస్ సర్వీసు టీఎండీఎస్ఏఎస్ ప్లస్, మైనస్‌లను పట్టించుకోదు: ఎ మైనస్ అయినా 4.0, బి ప్లస్ అయినా 3.0. ఎ మైనస్‌లు ఎక్కువ ఉన్నవాళ్లకు అది లాభం, బి ప్లస్‌లు ఎక్కువ ఉన్నవాళ్లకు నష్టం. మన పిల్లలు చాలామంది కంప్యూటర్ సైన్స్ మేజరో మైనరో పెట్టుకుంటారు కదా, ఆ కోర్సులు ఆమ్‌కాస్ సైన్స్ జీపీఏలోకి రావు. ఇంజనీరింగ్ కోర్సులూ అంతే.

ఫెయిలైన కోర్సు మళ్లీ రాస్తే పాత గ్రేడు చెరిగిపోతుందన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది. ఆమ్‌కాస్‌లో ఆ సౌకర్యం లేదు. డీఓ వాళ్లు 2017 దాకా ఇచ్చి, తర్వాత ఎత్తేశారు. ఇప్పుడు రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. కాబట్టి తప్పనిసరి కోర్సుల్లో సి కంటే తక్కువ వచ్చినవి మాత్రమే మళ్లీ రాయండి. బి మైనస్ వచ్చిన కోర్సు మళ్లీ రాసే బదులు బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, ఇమ్యునాలజీ లాంటి పైస్థాయి కోర్సులో ఎ తెచ్చుకుంటే ఎక్కువ విలువ.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. ఉదాహరణకు ఒక విద్యార్థి మొదటి ఏడాది 30 క్రెడిట్లలో 2.7, రెండో ఏడాది 30లో 3.1, మూడో ఏడాది 32లో 3.7, నాలుగో ఏడాది 32లో 3.9 తెచ్చుకున్నారనుకుందాం. క్రెడిట్లను గ్రేడుతో గుణించి కూడితే 417.2 పాయింట్లు. దాన్ని 124 క్రెడిట్లతో భాగిస్తే 3.36. డిగ్రీ అయ్యాక పోస్ట్‌బ్యాక్‌గా 24 క్రెడిట్లు చదివి అన్నింట్లోనూ 4.0 తెచ్చుకున్నా మొత్తం జీపీఏ 3.47 దగ్గరే ఆగుతుంది. ఏడాది కష్టానికి పెరిగింది సుమారు 0.1. అదే చివరి 88 క్రెడిట్లు విడిగా లెక్కకడితే 3.85. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే రాసి పెట్టుకోండి. 3.47ను చూసే స్కూళ్లు, 3.85ను కూడా చూసే స్కూళ్లు వేరువేరు.

ఈ ఏడాదే పంపాలా?

లిస్టు కంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. పోయినసారికీ ఇప్పటికీ అప్లికేషన్‌లో మారినవేమిటో ఒక కాగితం మీద రాయండి: ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) కొత్త స్కోరు, పూర్తయిన కోర్సుల గ్రేడ్లు, రోగుల దగ్గర గడిపిన కొత్త గంటలు, కొత్త రికమెండేషన్ లెటర్లు. రెండు మూడు గట్టి మార్పులు లేకపోతే ఒక ఏడాది ఆగండి. పోయినసారి అప్లై చేసిన స్కూలు దగ్గర మీ పాత ఫైలు ఉంటుంది, పక్కన పెట్టి చూస్తారు. "గత అప్లికేషన్ తర్వాత ఏం మారింది?" అని సెకండరీలో (మొదటి అప్లికేషన్ తర్వాత స్కూలు సొంతంగా పంపే ప్రశ్నల పత్రం) చాలా స్కూళ్లు నేరుగానే అడుగుతాయి. కొన్ని స్కూళ్లు ఇన్నిసార్లకు మించి అప్లై చెయ్యకూడదని పరిమితి కూడా పెట్టాయి. అక్కడ ఒక అవకాశాన్ని ఉత్తపుణ్యానికి కాల్చుకోవద్దు.

ఇంకో చిక్కు. సమ్మర్‌లో, ఫాల్‌లో చదువుతున్న కోర్సులు అప్లికేషన్‌లో గ్రేడు లేకుండానే వెళ్తాయి. మీ ఎదుగుదలకు సాక్ష్యం ఆ కోర్సులే అయితే అవి పూర్తయ్యాక వచ్చే మే నెలలోనే పంపాలి.

ఎంక్యాట్ మళ్లీ రాయాలంటే లెక్క చూసుకోండి: ఒక క్యాలెండర్ ఏడాదిలో మూడుసార్లు, వరసగా రెండేళ్లలో నాలుగుసార్లు, జీవితం మొత్తంలో ఏడుసార్లు. రాసి వాయిడ్ చేసినా (స్కోరు వద్దని రద్దు చేసుకున్నా), డేటు బుక్ చేసి వెళ్లకపోయినా ఒకసారి కిందే లెక్క. స్కోరు రెండు మూడేళ్లకు మించి పాతదైతే చాలా స్కూళ్లు తీసుకోవు. ప్రతి స్కూలు గడువూ విడిగా చూడండి.

స్పెషల్ మాస్టర్స్ ప్రోగ్రాముల మాట. జార్జ్‌టౌన్ లాంటి చోట్ల మెడికల్ మొదటి ఏడాది విద్యార్థుల కోర్సులే మీరూ చదివి, వాళ్లతో పోటీ పడతారు. బాగా చేస్తే బలమైన రుజువు. అయితే అది గ్రాడ్యుయేట్ జీపీఏ, డిగ్రీ జీపీఏను ఒక్క చుక్క కూడా పెంచదు. అక్కడ బి మైనస్‌లు వస్తే ఇక సర్దుకునే దారి దాదాపు ఉండదు. పైన చూపిన విద్యార్థిలా చివరి రెండేళ్లు ఇప్పటికే బాగున్నవాళ్లకు వేల డాలర్లు పోసి మాస్టర్స్ చెయ్యాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఆ కష్టం ఎంక్యాట్ మీద పెడితే ఫలితం ఎక్కువ.

ఎంశార్‌ను ఎలా చదవాలి

ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) వాళ్ల ఎంశార్‌కు, అంటే ఒక్కో ఎండీ స్కూలు అడ్మిషన్ అంకెలు చూపించే ఆన్‌లైన్ డేటాబేసుకు, చందా కట్టండి. డీఓ స్కూళ్లకు చూజ్ డీఓ ఎక్స్‌ప్లోరర్ ఉచితం. అందరూ ఎంశార్‌లో మీడియన్ (సీటు వచ్చినవాళ్లలో సరిగ్గా మధ్యనున్న అంకె) చూసి మూసేస్తారు. మీడియన్ 3.85 ఉంటే "మనకెందుకులే" అనుకుంటారు. మీరు చూడాల్సింది పదో, ఇరవై అయిదో పర్సెంటైల్ గీతలు.

మీ మొత్తం జీపీఏ ఒక స్కూలు పదో పర్సెంటైల్ కంటే కింద ఉంటే, అక్కడ సీటిచ్చిన ప్రతి పదిమందిలో తొమ్మిది మంది మీకంటే పైన ఉన్నట్టు. కిందున్న ఆ ఒక్కరికీ ఆ స్కూలుతో ఏదో ప్రత్యేక సంబంధం ఉండి ఉండవచ్చు. అలాంటివి లిస్టులో రెండుకు మించొద్దు. పదికీ ఇరవై అయిదుకూ మధ్య ఉండి, ఎంక్యాట్ ఆ స్కూలు మీడియన్‌కు సమానంగానో పైనో ఉంటే అది మీ లిస్టులోకి రావలసిన స్కూలు. సైన్స్ జీపీఏకు కూడా ఇదే పరీక్ష పెట్టండి. గ్రేడ్లు ఎగుడుదిగుడుగా ఉన్నవాళ్లకు తరచూ దెబ్బ తగిలేది అక్కడే.

తర్వాత అదే పేజీలో ఇన్‌స్టేట్, అవుటాఫ్‌స్టేట్ అంకెలు చూడండి. అప్లై చేసినవాళ్లు, ఇంటర్వ్యూకు పిలిచినవాళ్లు, చేరినవాళ్లు అని విడివిడిగా ఉంటాయి. బయటి రాష్ట్రాలవాళ్లు 4,000 మంది అప్లై చేస్తే 80 మందిని పిలిచారనుకోండి, అంటే నూటికి ఇద్దరు. అదే స్కూలు సొంత రాష్ట్రంవాళ్లలో 900 మందికి 300 మందిని పిలిచి ఉండవచ్చు. ఈ భాగహారం ప్రతి ప్రభుత్వ స్కూలుకీ చెయ్యండి. బయటివాళ్లలో నూటికి అయిదుగురిని కూడా పిలవని స్కూలుకు, ఆ రాష్ట్రంతో మీకు ఏ బంధమూ లేకపోతే, ఫీజు కట్టకండి.

మీరుండే రాష్ట్రం ఎంత మారుస్తుందంటే

టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లు రాష్ట్ర చట్టం ప్రకారం బయటివాళ్లను పది శాతానికి మించి తీసుకోవు. ఫ్రిస్కోలోనో కేటీలోనో ఉంటున్నవాళ్లకు ఇది వరం. టీఎండీఎస్ఏఎస్‌లో ఎన్ని స్కూళ్లు ఎంచుకున్నా ఒకటే ఫీజు కాబట్టి దాదాపు అన్నింటికీ పంపెయ్యొచ్చు. నార్త్ కరోలినాలో ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ బ్రోడీ స్కూలు, జార్జియాలో మెర్సర్ సొంత రాష్ట్రంవాళ్లకే సీట్లిస్తాయి. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ తన రాష్ట్రంతో పాటు వయోమింగ్, అలాస్కా, మోంటానా, ఐడహోలకు పెద్దపీట వేస్తుంది. కాలిఫోర్నియాలో పోటీ మరీ ఎక్కువ. అక్కడ సీటు వచ్చినవాళ్లలో సగానికి పైగా చదువుకు బయటి రాష్ట్రాలకే వెళ్తారు. ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్లు మొదటి నుంచీ బయటి ప్రైవేటు స్కూళ్లు, డీఓలు ఎక్కువ పెట్టుకోవాలి.

పైన లెక్కగట్టిన 3.47 విద్యార్థినే తీసుకుందాం. ఎంక్యాట్ 511, ఇల్లు అట్లాంటా పక్కన ఆల్ఫరెటా. మొదట అగస్టాలోని మెడికల్ కాలేజ్ ఆఫ్ జార్జియా, మెర్సర్. మెర్సర్ ధ్యేయం పల్లె జార్జియాకు డాక్టర్లను ఇవ్వడం. సబర్బ్ దాటి ఎక్కడా పనిచెయ్యకుండా "గ్రామీణ వైద్యం నా కల" అని రాస్తే మొదటి ప్రశ్నలోనే దొరికిపోతారు. ఇప్పటి నుంచి మే దాకా ఊళ్లలోని క్లినిక్‌లో వారానికి ఒక రోజైనా పనిచేస్తే అప్పుడు ఆ మాటకు బలం ఉంటుంది. తర్వాత, బయటివాళ్లను నిజంగా పిలిచే ప్రైవేటు ఎండీ స్కూళ్లు ఎనిమిదో పదో. జార్జ్‌టౌన్, జార్జ్ వాషింగ్టన్, డ్రెక్సెల్ లాంటి వాటికి ఏటా పది వేలకు పైగా అప్లికేషన్లు వస్తాయి. వాటిలో రెండు మూడు చాలు, లిస్టంతా వాటితోనే నింపొద్దు. డీఓలో సువానీలోని పీకామ్ జార్జియా ఇంటి పక్కనే. దాంతో పాటు ఇంకో అయిదారు డీఓలు. అపలాచియన్ కొండ ప్రాంతాల కోసం పెట్టిన లింకన్ మెమోరియల్, వీకామ్ లాంటివాటికి మెర్సర్‌కు చెప్పిన మాటే వర్తిస్తుంది. మొత్తం 18 నుంచి 22.

డీఓ అనగానే ఇళ్లలో మొహాలు చిన్నబోతాయి. పెద్దవాళ్లు ఈ అంకెలు చూడాలి: 2020 నుంచి ఎండీ, డీఓలకు రెసిడెన్సీ (డిగ్రీ తర్వాతి ఆసుపత్రి శిక్షణ) సీట్లు పంచే మ్యాచ్ ఒకటే. 2024 మ్యాచ్‌లో ఎండీ సీనియర్లలో (చివరి ఏడాది విద్యార్థుల్లో) 93 శాతానికి పైగా, డీఓ సీనియర్లలో 92 శాతానికి పైగా మందికి సీట్లు వచ్చాయి. విదేశాల్లో చదివిన అమెరికా పౌరుల్లో 67 శాతం మందికే. కరీబియన్ స్కూళ్ల దారి ఈ చివరి అంకెలో ఉంది, అదీ మధ్యలో మానేసినవాళ్లను వదిలేసి. చివరి రెండేళ్లు బాగా చదివిన విద్యార్థికి ఆ దారి పట్టవలసిన పని లేదు.

హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లకు

గ్రీన్‌కార్డు వరసలో ఉన్న మన కుటుంబాల్లో 21 దాటిన పిల్లలు హెచ్-4 (తల్లిదండ్రుల వీసా మీద ఆధారపడేది) నుంచి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారుతున్నారు. పదేళ్లుగా ఇక్కడే చదివినా చాలా స్కూళ్లు వాళ్లను ఇంటర్నేషనల్ కిందే చూస్తాయి, కొన్ని అసలు తీసుకోవు. ఎంశార్‌లో ఆ ఫిల్టర్ మొదటే పెట్టండి, పర్సెంటైల్ లెక్కలు తర్వాత. కొన్ని స్కూళ్లు నాలుగేళ్ల ఫీజుకు సరిపడా డబ్బు ముందే చూపించమంటాయి. ఫెడరల్ లోన్లు వీళ్లకు లేవు. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగ్‌లో ఉంటే మిమ్మల్ని ఏ వర్గంలో వేస్తారో అడ్మిషన్స్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత నిలవదు.

పౌరులకూ లోన్ల లెక్క మారింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను లేదు. మెడికల్ విద్యార్థికి ఫెడరల్ లోను ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షల వరకే. ఏడాది ఖర్చు 90 వేలుండే స్కూలును లిస్టులో పెట్టేముందు మిగతా 40 వేలు ఎక్కడినుంచో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

పంపే క్రమం

మే మొదట్లో అప్లికేషన్లు తెరుచుకుంటాయి. ట్రాన్స్‌క్రిప్ట్‌లు స్ప్రింగ్ గ్రేడ్లు పడ్డాక అడగండి. ఆమ్‌కాస్ సబ్మిట్ చెయ్యడానికి వీలు దొరికే మే చివరలోనే ఒక్క స్కూలు పేరుతో పంపెయ్యండి. గ్రేడ్ల వెరిఫికేషన్ రద్దీ రోజుల్లో వారాలు పడుతుంది, ఈలోగా మీ వరస ముందుకు జరుగుతుంది. ఎంక్యాట్ స్కోరు రాగానే దాన్ని బట్టి మిగతా స్కూళ్లు చేర్చండి. స్కోరు ఎలా వస్తుందో తెలియకముందే ఇరవై స్కూళ్లకు డబ్బు కట్టే తప్పు ఇలా తప్పుతుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాలు ఏఏఎంసీ ఫీజు సాయానికి సబ్మిట్ చెయ్యకముందే అప్లై చెయ్యాలి, కట్టేసిన ఫీజు తిరిగిరాదు.

సెకండరీ వచ్చిన రెండు వారాల్లో వెనక్కి పంపాలి. పాత స్కూళ్లకు పాత వ్యాసం అతికించొద్దు. పడిపోయిన సెమిస్టర్ గురించి అడిగితే మూడు వాక్యాలు చాలు: ఏం జరిగింది, చదివే పద్ధతిలో ఏం మార్చుకున్నారు, తర్వాతి 88 క్రెడిట్లలో ఎంత వచ్చింది.