వేరే రాష్ట్రం బండిని హైదరాబాద్ నంబర్‌కి మార్చుకోవడం ఎలా

బెంగళూరులోనో పుణెలోనో జాబ్ చేసి బండి వేస్కుని హైదరాబాద్ వచ్చేసినవాళ్ళు ముందు ఇక్కడి ఆర్టీఏ ఆఫీసుకి పోతారు, కానీ బండి ఎక్కడ రిజిస్టర్ అయిందో అక్కడి ఆర్టీఓ (అక్కడి రవాణా ఆఫీసు) ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే బండి వేరే చోటికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే కాగితం, లేకపోతే ఇక్కడ పని ముందుకి కదలదు. అందుకే ఇల్లు ఖాళీ చేసే ముందే, బండి ఇంకా ఆ ఊళ్ళో ఉండగానే ఎన్‌ఓసీకి అప్లై చేసెయ్యండి. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి బండి ఉంచితే కొత్త నంబర్ తీస్కోవాలి. ఆ 12 నెలలు నంబర్ సంగతే, టాక్స్ మాత్రం ఏ రాష్ట్రం రూల్ ఆ రాష్ట్రానిదే, కాబట్టి ఏడాది టైముంది కదా అని కూర్చోవద్దు.

ఎన్‌ఓసీకి ఫామ్ 28. రవాణా పనులకి ఉన్న ప్రభుత్వ సైట్ పరివాహన్‌లో అప్లై చేసి, ప్రింట్లు తీసి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, టాక్స్ కట్టిన రసీదు జత చేస్తారు, పెండింగ్ చలాన్లు ముందే కట్టేస్కోండి. లోన్ నడుస్తుంటే ఫైనాన్స్ వాళ్ళ ఒప్పుకోలు కావాలి, లోన్ తీరిపోయి ఉంటే ఫామ్ 35, బ్యాంకు లెటర్ పెట్టి ఆర్‌సీలో హైపోతికేషన్ (బండి మీద లోన్ ఉందనే ఎంట్రీ) తీయించేస్తే ఆ తర్వాత తలనొప్పి ఉండదు.

ఫామ్ మీద బండి చాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ ఉండాలి, చాలామందికి లేటయ్యేది ఇక్కడే. నంబర్ ఎక్కడ కొట్టి ఉందో ఓనర్ మాన్యువల్‌లో ఉంటది, కొన్ని కార్లకి ముందు సీటు కింద కార్పెట్ లేపితే కనపడుతది. అక్కడి దుమ్ము, గ్రీజు గుడ్డతో బాగా తుడిచి, మెత్తటి పెన్సిల్‌ని పడుకోబెట్టి అక్షరాల మీద రుద్ది, సెల్లో టేప్ గట్టిగా అద్ది మెల్లగా పీకి ఫామ్ మీద అంటించాలి. ఒక్క అంకె మసకగా వచ్చినా ఇంకోటి తీయండి, అన్ని కాపీలకీ కావాలి కాబట్టి ఎక్స్‌ట్రా కూడా తీసి పెట్టుకోండి.

ఎన్‌ఓసీలో ఏ ఆర్టీఓ పేరు రాస్తారో చూస్కోండి. మీరుండేది కొండాపూర్ అయితే ఖైరతాబాద్ పేరు రాయించుకోవద్దు, అడ్రస్ ప్రూఫ్ ఏ ఆఫీసు కిందకి వస్తదో అదే ఉండాలి. 30 రోజుల్లో ఇవ్వకుండా, రిజెక్ట్ చేసినట్టు కూడా చెప్పకుండా ఉంటే ఇచ్చినట్టే లెక్క అని సెక్షన్ 48లోనే ఉంది, అందుకే అప్లికేషన్ రసీదు పారేయొద్దు.

ఇక్కడికొచ్చాక కొత్త నంబర్ కోసం ఫామ్ 27, ఎన్‌ఓసీ, ఇక్కడి అడ్రస్ ప్రూఫ్, ఒరిజినల్ ఇన్వాయిస్‌తో స్లాట్ బుక్ చేస్కుని బండి తీస్కెళ్ళాలి, ఇన్‌స్పెక్టర్ ఇంజిన్, చాసిస్ నంబర్లు చూస్తారు. లైఫ్ టాక్స్ ఇన్వాయిస్‌లో ఉన్న ధర, బండి వయసుని బట్టి వేస్తారు, కాబట్టి ఇన్వాయిస్ లేకపోతే షోరూమ్ నుంచి కాపీ ముందే తెప్పించుకోండి.

సెకండ్ హ్యాండ్ కొంటున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త. ఢిల్లీలో డీజిల్‌కి 10 ఏళ్ళు, పెట్రోల్‌కి 15 ఏళ్ళు అని లిమిట్ పెట్టడంతో అక్కడి కార్లు చవగ్గా దొరుకుతున్నాయి, కానీ ఎన్‌ఓసీ చేతికి రాకుండా ఫుల్ పేమెంట్ మాత్రం ఇవ్వొద్దు, నా మాట వినండి. ఓనర్ మారితే పేరు మార్పిడికి ఫామ్ 29, 30 కూడా కావాలి, ఇన్సూరెన్స్ 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

రాష్ట్రం విడిపోకముందు, అంటే 2014 జూన్ 2కి ముందు హైదరాబాద్‌లోనే రిజిస్టర్ అయిన ఏపీ 09 బండికి ఈ ఎన్‌ఓసీ పనేం లేదు, ఏపీ 39 మాత్రం వేరే రాష్ట్రం బండే. 2024లో టీఎస్ బదులు టీజీ కోడ్ వచ్చింది కదా అని టీఎస్ నంబర్లు కూడా మార్చక్కర్లేదు. బీహెచ్ (భారత్ సిరీస్) నంబర్ ఉంటే రాష్ట్రం మారినా రీ-రిజిస్ట్రేషన్ ఉండదు, టాక్స్ మాత్రం రెండేళ్ళకోసారి కట్టుకుంటూ ఉండాలి.

కొత్త ఆర్‌సీ వచ్చాక ఇన్సూరెన్స్‌లో, ఫాస్టాగ్‌లో నంబర్ మార్పించి, కొత్త ఆర్‌సీ, ఇక్కడ కట్టిన టాక్స్ రసీదు కాపీలతో పాత రాష్ట్రంలో మిగిలిన ఏళ్ళ టాక్స్ రీఫండ్‌కి అప్లై చెయ్యండి.